రాలిన కాయకు కాపలా

కొడిమ్యాల చుట్టుపక్కల మామిడితోటల్లో ఒక ధర్మం ఉండేది. చెట్టు మీది కాయ తోట ఆసామిది, రాలిన కాయ ఊరందరిది. దీన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు, తప్పినవాళ్లకు జరిమానా వేయలేదు. కానీ గాలికి రాలిన కాయను తోట ఆసామి వంగి ఏరుకున్నాడంటే వాడి పరువు ఆ పూటకే గంగలో కలిసినట్టు. "రాలిన కాయ మీద గూడ పాణమేనా వీనికి" అని ఆడవాళ్లు మూతి తిప్పుకునేవారు. బీడీలు చుట్టే అమ్మలు, మేకలు కాసేవాళ్లు, బడి వదిలాక పిల్లలు ఎవరికి దొరికింది వాళ్లు పట్టుకుపోయేవారు. గట్టి కాయలు కోసి ఒరుగులు పెట్టుకునేవారు. మెత్తబడ్డవి, మచ్చ పడ్డవి చెట్టు కిందే వదిలేసేవారు. ఎంత పెద్ద మనసున్న ఆచారం! ఆ పెద్ద మనసును నమ్ముకునే పండు ఈగ అక్కడ తరతరాలుగా హాయిగా సంసారం చేసుకుంటూ వచ్చింది.

దాని సంసారం గుట్టు ఆ ఊళ్లో మొదట పట్టింది జమీలాబీ.

జమీలాబీ పుట్టిల్లు కోరుట్ల. భర్త హబీబుద్దీన్ తోటలు గుత్తకు పట్టే మనిషి. పూత మీద తోట మాట్లాడుకోవడం, కాయ తెంపేదాకా కాపలా ఉండడం, జగిత్యాల మార్కెట్టుకు తోలి అమ్మడం, ఇదే అతని వ్యాపారం. పెళ్లయిన యేడు నుంచీ వాళ్లు పట్టేది నర్సింగం తోటనే. ఎండకాలమంతా కాపురం ఆ తోటలో గుడిసెలోనే. బిడ్డ నాహీద్ ఆ చెట్లకు కట్టిన చీర ఊయలలోనే పెరిగింది. ఇంట్లో ఉర్దూ, గేటు దాటితే తెలుగు. ఏ భాషలో కోపమొచ్చినా జమీలాబీ గొంతు మాత్రం పక్క తోటదాకా వినబడేది.

తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకున్న 2010 ఎండకాలంలో ఆ తోటకు చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనైంది. జగిత్యాల మార్కెట్లో ఢిల్లీ సేటు మనిషి వాళ్ల మాలులోంచి ఒక కాయ తీసి కోశాడు. లోపల తెల్లటి పురుగులు కుప్పగా కదులుతున్నాయి. ఇంకోటి కోశాడు, అదీ అంతే. మూడోది కోయకుండానే కత్తి తుడుచుకొని, "వాపస్ లే జావ్" అన్నాడు. మార్కెట్టు మార్కెట్టంతా చూస్తుండగా హబీబుద్దీన్ ట్రేలు తిరిగి బండికెక్కించుకున్నాడు. ఆ రోజు తోట ఆసామి నర్సింగం కూడా అక్కడే ఉన్నాడు. తండ్రి నాటిన చెట్ల కాయ నలుగురిలో అలా వాపసు రావడం చూసి అతనికి తల కొట్టేసినట్టయింది.

"ఇంకొక్క యేడు సూస్త హబీబూ. మల్ల కాయల పురుగు గనవడ్డదంటె చెట్లన్ని కొట్టిచ్చి పసుపు పంట పెడ్త. మా కొడుకు మహిపాలు దుబాయి నుంచి ఎప్పుడు ఫోన్ జేసినా గదే మాట" అన్నాడు నర్సింగం.

కోపంలో అన్న మాట కాదది. ఆలోచించి, నెమ్మదిగా అన్న మాట. అందుకే జమీలాబీకి భయం వేసింది. వేరే తోట దొరకదా అంటే దొరుకుతుంది. కానీ ఏ చెట్టు ఏ కొమ్మ ముందు పూస్తుందో, ఏ చెట్టు కాయకు పీచెక్కువో ఆమెకు తన వేళ్లు తెలిసినంత బాగా తెలుసు. అటువంటి చెట్లను, ఒక ఈగ మూలంగా, రంపం కింద పెట్టడం ఆమెకు బొత్తిగా మింగుడు పడలేదు.

ఆ వారంలోనే జగిత్యాలలో ఉద్యానశాఖ వాళ్లు రైతులకు మీటింగు పెట్టారు. హబీబుద్దీన్ సిగ్గుతో పోనంటే జమీలాబీయే పోయింది. అక్కడి ఆఫీసరు ఓపికగల మనిషి. పండు ఈగ కాయ ముదిరే వేళకు తొక్కకు సూదిలాంటి పొడుపు పొడిచి గుడ్లు పెడుతుందని, పురుగు లోపల గుజ్జు తిని బలిసి, కాయ రాలాక అందులోంచి నేలలోకి దిగుతుందని, మట్టిలో గూడు కట్టుకొని మళ్లీ ఈగై లేస్తుందని విడమరిచి చెప్పాడు. "చెట్టుకు మందు కొట్టి ఏం లాభం? అది బతికేది మీ కాళ్ల కింద" అన్నాడు. జమీలాబీకి ఆ మాట చెంప ఛెళ్లుమన్నట్టు తగిలింది. ఇన్నేళ్లూ పై కొమ్మలు చూస్తూ కాపలా కాశారు, దొంగ కిందున్నాడు.

తిరిగొచ్చి అదే సాయంత్రం గంప పట్టుకుంది. రాలిన కాయలన్నీ ఏరి, తోట మూలన గుంత తీసి పూడ్చింది. గుంత లోతు మోకాలిదాకా కూడా లేదు. పండిన ఆకులు పూడ్చినట్టే పూడ్చి, మట్టి కప్పి, చేతులు దులుపుకొని, శత్రువును పాతరేసినంత సంబరపడింది.

తొలకరి వానలు పడ్డాక ఒకనాటి పొద్దున ఆ గుంత దగ్గరికి పోయి చూస్తే మట్టి మీద ఏదో కదులుతోంది. పసుపు నడుముల సన్న ఈగలు, ఇంకా రెక్కలు తడి ఆరనివి, మెత్తటి మట్టిని తోసుకొని ఒకటి వెనక ఒకటి బయటికొస్తున్నాయి. ఆమె వాటిని పాతరేయలేదు. పురుగు దానంతటదే వెతుక్కునే పక్కను గంపలతో మోసి తెచ్చి, మెత్తగా పరిచి, దుప్పటి కప్పి నిద్రపుచ్చింది. జమీలాబీ గుంత గట్టున కూలబడి ఏడ్చేసింది. హబీబుద్దీన్ వచ్చి చూసి, ఓదార్చాల్సింది పోయి, "మంచిగ సాదినవ్, ఇగ పేర్లు గూడ పెట్టు" అన్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఆ తర్వాత అతనితోనే నడుము లోతు గుంత తవ్వించింది.

అక్కడి నుంచి ఆ ఈగకూ జమీలాబీకీ యేడాది పొడుగునా పోరాటమే. మామిడి అయిపోయాక ఈగ ఎక్కడికి పోతుంది? వానాకాలమంతా జామకాయల్లో తలదాచుకుంటుంది. తన పెరట్లో జామచెట్టు కింద చూస్తే అక్కడా అదే పురుగు. జామ ముదరక ముందే తెంపడం మొదలుపెట్టింది, ఇరుగు పొరుగు పెరళ్లలోనూ పండినవి వదలకుండా తెంపించింది. చలికాలంలో చెట్ల కింద దున్నించాలంది. హబీబుద్దీన్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఇంక పూతే రాలేదు, తోట మాట్లాడలే. గుత్తోళ్లం మనకు దున్నుడెందుకే? నర్సింగం పటేలు సూస్తె నవ్వుతడు" అన్నాడు.

"నవ్వనియ్. మట్టి తిరగేస్తె లోపలున్న గూళ్లు ఎండకు సస్తయి, పిట్టలు ఏరుకుంటయి. చెట్లే లేకపోతె నువ్వు పూతల ఎవనితోని మాట్లాడుతవ్?" అంది జమీలాబీ.

గుత్తకు పట్టని తోటను గుత్తవాళ్లు దున్నించడం ఆ చుట్టుపక్కల అదే మొదలు. నర్సింగం గట్టున నిలబడి చూశాడు. నవ్వలేదు.

మామిడి కాయ గోలీకాయంత అయ్యే వేళకు సీసాల పని పట్టింది. మగ ఈగలకు మతి పోగొట్టే వాసన మందు ఒకటి ఉంది, జగిత్యాలలో దొరుకుతుంది. ఒత్తిని దాంట్లో నానబెట్టి, చుక్క విషం కలిపి, చిల్లుల సీసాలో వేలాడదీస్తే మగ ఈగలన్నీ అందులోకే పోయి పడతాయి. మగవి లేకపోతే ఆడవాటికి గుడ్లెక్కడివి? ఒత్తులకు సిరిసిల్లలో ఉన్న చెల్లెలు సల్మా మరమగ్గాల సాంచెల దగ్గర మిగిలిన నూలు పంపింది. సీసాలు మాత్రం ఉద్యమమే ఇచ్చింది. కొడిమ్యాల చౌరస్తాలో టెంటు కింద రిలే నిరాహార దీక్షలు నడుస్తున్న రోజులవి. కూర్చున్నవాళ్లు తాగి పడేసిన నీళ్ల సీసాలు గంపకెత్తుకొని పోతుంటే టెంటులో ఆడవాళ్లు నవ్వారు. "ఏం జేస్తవ్ జమీలా గివన్నీ?" అని అడిగింది లచ్చవ్వ. "మీ లెక్కనే ఈగలను గూడ నిరాహార దీక్షల కూసోబెడ్త అక్కా" అంది జమీలాబీ. టెంటంతా గొల్లుమంది.

లచ్చవ్వ బీడీలు చుట్టే మనిషి. మొగుడు గల్ఫ్‌లో ఉంటే ఇల్లు, పిల్లలు, ఉద్యమం మూడూ ఒంటిచేత్తో నడిపేది. ఆమె మాట ఆ టెంటులో శాసనం. అటువంటి లచ్చవ్వతోనే జమీలాబీకి రాలిన కాయ దగ్గర చెడింది.

కాయ ముదరడం మొదలయ్యాక జమీలాబీ తెల్లారేసరికి గంపతో చెట్ల కింద ఉండేది. ఊరి ఆడవాళ్లు వచ్చేసరికి ఒక్క కాయ మిగలడం లేదు. ఇక చూస్కోండి. "గుత్తోళ్లకు గింత ఆశనా" అన్నారు. "పటేలు అయ్య నాటి సంది ఎవ్వలు గిట్ల జెయ్యలే" అన్నారు. ఆమె సలాం చెబితే మొహం తిప్పుకునేవారు. పక్క తోటల్లో మాత్రం రాలిన కాయ రాలినట్టే కుళ్లుతోంది, ఆ ఈగలు గట్టు దాటి ఈ తోటకు వస్తున్నాయి. సీసాల్లో ఈగలు పడుతున్నాయి గానీ తగ్గడం లేదు. ఇలాగైతే చెట్లు దక్కవని ఆమెకు అర్థమైపోయింది.

ఒకరోజు పొద్దున్నే కొంగులో రాలిన కాయలు వేసుకొని తిన్నగా టెంటుకు పోయింది.

"మేము తెలంగాణ కోసం కూసున్నం. నువ్వు రాలిన కాయ కాడ కూసున్నవ్. ఇయ్యాల ఇటెట్ల అచ్చినవ్?" అంది లచ్చవ్వ, మొహం కూడా చూడకుండా.

జమీలాబీ కాయ ఒకటి తీసి, టెంటులో పరిచిన చాప మీద నడిమికి కోసింది. పురుగులు బయటపడ్డాయి. పండు ఈగ పురుగుకు ఒక విద్య ఉంది, బాగా బలిసిందంటే ఒళ్లు ముడిచి ఎగురుతుంది. అందులో ఒకటి ఎగిరి లచ్చవ్వ ఒళ్లో పడింది. అంతే, దీక్షలో ఉన్న ఆడవాళ్లంతా ఒక్క కేకతో లేచి నిలబడ్డారు. పోలీసులు వచ్చినప్పుడు కూడా కదలని టెంటు అది.

"ఓ నా బిడ్డో! గియ్యేనా మనం ఒరుగులు పెట్టుకున్నది?" అంది ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని.

"సన్నగున్నప్పుడు కండ్లకు ఆనయి అక్కా" అంది జమీలాబీ. "నాకు రాలిన కాయ మీద ఆశ లేదు. గట్టివి మీరే తీస్కపోన్రి, ఒక్కటి ముట్ట. మచ్చవడ్డది, మెత్తవడ్డది మాత్రం గుంతలకు పోవాలె. నేను ఒక్కదాన్ని ఏరితె కాదు, పక్కతోట ఈగ నా తోటకు అస్తది. అందరు ఏరాలె, అన్ని తోటలల్ల. లేకుంటె మా చెట్లు కొట్టేస్తరు. రేపు మీరు ఏరుకుందామన్నా కాయ ఉండది."

లచ్చవ్వ చీర దులుపుకొని ఆ కాయ వంక చూసింది.

"ఒక్క ఊరే బందు జేస్తె తెలంగాణ అస్తదా మరి. గిది గూడ గంతే" అంది. తర్వాత టెంటులోని ఆడవాళ్ల వైపు తిరిగి, "రేపటి సంది టెంటుకు తోటలల్లకెల్లి రావాలె. గంప లేకుంట అచ్చినోళ్లకు ఈడ జాగ లేదు" అంది.

ఆ ఎండకాలం కొడిమ్యాల తోటల్లో జరిగింది చెప్పుకోవాలంటే ఊళ్లో వాళ్లకు ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది. పొద్దు పొడవక ముందే ఆడవాళ్లు బృందాలుగా తోటల్లోంచి నడుచుకుంటూ, ఉద్యమం పాటలు పాడుకుంటూ, రాలిన కాయలు ఏరుకుంటూ వచ్చేవారు. గట్టివి కొంగుల్లోకి, మచ్చవి గుంతల్లోకి. మొదట్లో తోటల ఆసాములు కసురుకున్నారు. జై తెలంగాణ అంటూ గేటు తోసుకొచ్చే ఆడవాళ్ల గుంపును ఆపే మొనగాడు ఆ రోజుల్లో ఎవరున్నారు? నాలుగు రోజులు చూసి, వాళ్లే గుంతలు తవ్వించి పెట్టారు. సీసాల్లో ఈగలు పలచబడ్డాయి. జమీలాబీ రోజూ సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూసేది, చూసి ఎవరికీ చెప్పకుండా లోలోపలే మురిసిపోయేది.

తొలి కోత కాయ తెంపి డీసీఎం వ్యానులో ఎక్కించిన రోజే జగిత్యాల రోడ్డు మీద వంటా వార్పుకు పిలుపొచ్చింది. తెల్లారకముందే దాటిపోదామని హబీబుద్దీన్ ఆత్రపడ్డాడు. దాటలేకపోయాడు. చౌరస్తాకు వచ్చేసరికే రోడ్డు మీద పొయ్యిలు వెలిగించేశారు, వాటి వెనక లారీలు బారులు తీరాయి. మార్కెట్లో ఢిల్లీ సేటు ముందర కాయ కోయించి తన తీర్పు తానే చెబుదామని నర్సింగం కూడా ముందు సీట్లో కూర్చొని ఉన్నాడు.

పొయ్యి దగ్గరి నుంచి లచ్చవ్వ లేచొచ్చింది. "జమీలా, నీ బండైనా ఆగుడే. ఇయ్యాల ఎవ్వలకు ఇడుపు లేదు" అంది, కొంచెం ఇబ్బందిగానే.

"నేను ఇడువమన్ననా? కత్తిపీట ఏడున్నది, ఉల్లిగడ్డ కోస్త" అంటూ జమీలాబీ బండి దిగింది.

పైకి అంది గానీ ఆమె కళ్లు మాటిమాటికీ బండి మీదికే పోతున్నాయి. ఎండ నెత్తికెక్కుతోంది. కప్పేసిన బండిలో కాయ ఉడుకుతోంది. కాయలో ఎక్కడైనా గుడ్డు ఉంటే ఇటువంటి వేడికి అది పొదిగి పురుగు కాకుండా ఉండదు. రోడ్డు తెరిచేసరికి ఏమవుతుందో. ఉల్లిగడ్డలు కోస్తున్నందుకు ఆ పూట ఆమె కళ్ల నీళ్లను ఎవరూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం దాటాక దుబాయి నుంచి మహిపాల్ ఫోన్ చేశాడు. ఫోన్లో అతని గొంతు పక్కవాళ్లకు కూడా వినబడింది. "ఏమాయె బాపూ? చెట్లు కొట్టే మిషనోడు ఎప్పుడు రావాల్నని అడుగుతున్నడు."

"ఆగు, చెప్త" అని నర్సింగం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు, పెట్టేముందు కట్ చేయడం మరిచిపోయాడు. ఇక మార్కెట్టు దాకా ఆగే ఓపిక అతనికి లేకపోయింది. బండి వెనక తలుపు తీయించి, నడుమనున్న ట్రే ఒకటి కిందికి దింపించి, రోడ్డు మీదే గొంతుకూర్చున్నాడు. కత్తి అడిగాడు. పొయ్యిల దగ్గరున్న వాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. జమీలాబీ మాత్రం దగ్గరికి రాలేదు, ఉన్నచోటే కత్తిపీట ముందు చేతులు ఆపేసి కూర్చుంది.

నర్సింగం ఒకటి కోశాడు. పసుపుపచ్చని గుజ్జు, శుభ్రంగా ఉంది. ముక్కలు పక్కనున్న పిల్లల చేతిలో పెట్టి ఇంకోటి కోశాడు. అదీ బాగుంది. అడుగునుంచి ఒకటి తీశాడు, మచ్చ ఉన్నది చూసి మరీ ఒకటి తీశాడు. కోస్తూనే పోయాడు. ముక్కలు చేతులు మారుతూనే ఉన్నాయి. ఆ వంటా వార్పులో అన్నం ఉడకక ముందే జనం మామిడి ముక్కలతో కడుపు నింపుకున్నారు. "పటేలా, మార్కెట్టుకు కొన్ని మిగలనియ్యున్రి" అని హబీబుద్దీన్ దండం పెట్టే దాకా వచ్చింది.

అప్పుడు కోసిన కాయలో పురుగు కనబడింది.

ఒక్కటే పురుగు, గింజ పక్కన. చుట్టూ మాటలు ఆగిపోయాయి. జమీలాబీ అంత దూరం నుంచే ఆ నిశ్శబ్దం విని లేచి నిలబడింది. లచ్చవ్వ గబుక్కున ముందుకు వంగి, "గది మా కంటికి ఆనక తప్పిపోయిన ఈగది పటేలా, జమీలా తప్పు గాదు" అంది.

నర్సింగం ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. చుట్టూ పడి ఉన్న తొక్కల కుప్ప వంక చూశాడు.

"నిరుడు ఒక్క మంచి కాయ దొరుకుతదేమోనని దేవులాడిన. గీయేడు ఒక్క పురుగును పట్టెతందుకు గిన్ని కోయవడ్తి" అన్నాడు.

జేబులో ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "వద్దు బిడ్డా. మిషనోనికి రావద్దని చెప్పు. చెట్లు కొట్టుడు లేదు. అచ్చినా కొట్టలేడు, ఈడ ఆడోళ్లు లారీలనే ఆపిండ్రు, వాని రంపం ఎంత" అన్నాడు. రోడ్డంతా ఈలలు, చప్పట్లు. లచ్చవ్వ జమీలాబీని వాటేసుకుంది. ఎవరో జై తెలంగాణ అన్నారు, అందరూ అందుకున్నారు. జమీలాబీ కూడా అంది, గొంతు బొంగురుపోయేలా అంది. ఆ కేకలో తన చెట్లు కూడా కలిసినట్టే ఉంది ఆమెకు.

పొద్దు వాలాక రోడ్డు వదిలారు. హబీబుద్దీన్ బండెక్కి జగిత్యాల పోయాడు. ఆ మాలును మర్నాడు ఢిల్లీ సేటు మనిషి కోసి చూసి, పల్లెత్తు మాట అనకుండా కాంటాకు పంపించాడు. కానీ జమీలాబీ అతనితో పోలేదు. గిన్నెలు కడుగుతున్న ఆడవాళ్ల మధ్యలో నిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు ఉలిక్కిపడింది.

"పొద్దటి సంది అందరం ఈడనే ఉంటిమి. ఇయ్యాల రాలినయి ఎవలేరిండ్రు?" అంది.

ఎవరూ ఏరలేదు. కడిగిన గిన్నెలతోనే అందరూ తోట దారి పట్టారు. నర్సింగం కూడా వెనకే నడిచొచ్చాడు. సందె వెలుతురులో చెట్ల కింద కాయలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఆడవాళ్లు ఇంకా కొంగులు బిగించుకుంటూనే ఉన్నారు, అందరికంటే ముందు నర్సింగం వంగాడు. అతని తండ్రి వంగలేదు, తాత వంగలేదు. ఊరి జనం కళ్లెదుట, తన తోటలో రాలిన కాయను తన చేత్తో ఏరి, జమీలాబీ గంపలో వేశాడు.

"ఇంకేడున్నయో సూపియ్ బిడ్డా" అన్నాడు.